తొమ్మిది అంకె రాసిన కమ్మీ

పట్టాల పక్కన మళ్లీ గుంతలు తవ్వుతున్నారని మా అమ్మకు ఎవరు చెప్పారో తెలియదు. నేనైతే చెప్పలేదు. మేడ్చల్ స్టేషన్‌ను కొత్తగా కడుతున్నారనీ, కరెంటు రైళ్ల కోసం లైను పొడవునా ఇనుప స్తంభాలు నిలబెడుతున్నారనీ నాకు నెల ముందునుంచే తెలుసు. కావాలనే ఇంట్లో ఆ మాట ఎత్తలేదు. అమ్మ నా దగ్గరే, పేట్ బషీరాబాద్‌లో ఉంటుంది. మోకాళ్ల నొప్పులు. చర్చికి తప్ప గడప దాటదు, ఫలానాది కావాలని అడగదు. అలాంటి మనిషి ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా, "రూతూ, లైను పక్కన మళ్ల తవ్వుతున్నరంట. నన్ను తోల్కపో" అంది. ఎందుకని నేను అడగలేదు. ఆమె ఎందుకు వెళ్తానంటున్నదో నాకు తెలుసు. ఆమెకు తెలియనిది ఒకటి నా దగ్గర ఉంది, నేను పన్నెండేళ్ల పిల్లగా ఉన్నప్పటినుంచీ ఉంది. దాన్ని మోసుకుని ఇన్నేళ్లు బతికాను.

మేడ్చల్‌కూ గుండ్లపోచంపల్లికీ మధ్యన, పట్టాలకు ఇంత దూరంలో, నాలుగు గదుల వరుస ఒకటి ఉండేది. రైల్వే గ్యాంగ్ క్వార్టర్లు, పట్టాలు బాగుచేసే పనివాళ్లకు ఇచ్చే ఇళ్లు. మా బాపు దేవదానం కీమాన్. అంటే రోజూ పొద్దున్నే పెద్ద సుత్తె భుజాన వేసుకుని తన వంతు లైను వెంట నడిచి, వదులైన బిగింపులన్నీ కొట్టి బిగించి రావడం ఆయన పని. సుత్తె చప్పుడు దూరమవుతుంటే మాకు తెల్లవారేది, దగ్గరవుతుంటే అన్నం వేళయ్యేది. గడియారం ఉన్న ఇళ్లను చూసి నాకెప్పుడూ అసూయ కలగలేదు. పట్టాల కింద నుంచి తీసేసిన పాత చెక్క స్లీపర్లను చీల్చి అమ్మ పొయ్యిలో పెట్టేది. వాటికి పట్టిన తారు పొగకు మా జొన్న రొట్టెలు కూడా తారు వాసన వచ్చేవి. చిన్నప్పుడు ముక్కు మూసుకుని తిన్నాను, ఇప్పుడు గ్యాస్ మీద కాల్చిన రొట్టె ఎంత తిన్నా రొట్టె తిన్నట్టు ఉండదు. ఆదివారం ప్రార్థన నుంచి వచ్చాక బాపు తన ఎర్ర జెండానూ పచ్చ జెండానూ సబ్బు పెట్టి ఉతికి, నా లంగాల పక్కన తాడు మీద ఆరేసేవాడు. అవి ఆరేదాకా కాపలా నేనే.

పక్క గదిలో మల్లయ్య కాక ఉండేవాడు. ఆయన గ్యాంగ్‌కు మేట్, అంటే బాపు పనిని చూసుకునే పెద్ద. పెండ్లాం పోయి, ఒక్క కూతురూ అమ్మమ్మ ఇంట్లో పెరుగుతుంటే, ఒక్కడే ఉండేవాడు గనక రాత్రి కూడు మా ఇంట్లోనే. అమ్మ ఆయన పళ్లెం కూడా, అంచుకు చొట్ట పడిన స్టీలు పళ్లెం, మా పళ్లాలతో కలిపి బోర్లించేది. బాపు ఏసును నమ్మినవాడు, కాక కొమురెల్లి మల్లన్నకు మొక్కేవాడు. దేవుళ్ల గురించి వాళ్లిద్దరికీ ఎన్నడూ గొడవ రాలేదు. సుత్తె పిడికి తుమ్మ కర్ర మంచిదా, టేకు మంచిదా అన్నదాని మీద మాత్రం ఒక ఎండాకాలమంతా పంచాయితీ నడిచింది. ఒకే బీడీని అటూ ఇటూ అందుకుంటూ కొట్లాడుకునేవాళ్లు.

నాకు ఏడేళ్లప్పుడు ఒక చెల్లె పుట్టింది. తొమ్మిది రోజులు బతికింది. పదో రోజు పేరు పెడదామనుకున్నారు. మేడ్చల్ చర్చి వెనుక సమాధుల స్థలం ఉంది, అక్కడికే తీసుకుపోదామని బాపు బట్టలో చుట్టి ఎత్తుకుంటే అమ్మ గడపకు అడ్డం కూర్చుంది. "పసిబిడ్డ. ఒక్కతే అంత దూరం ఎట్ల పండుతది? నాకు కనవడేకాడ పెట్టుండ్రి" అంది. ఆ మాటకు ఎదురు చెప్పగలిగే మగవాడు ఆ వరుసలో లేడు. బావికీ పట్టాలకూ నడుమ, అమ్మ నీళ్లు చేదుకునేటప్పుడు కనిపించేలా, నేల ఏటవాలుగా ఉన్న చోట పెట్టారు.

కానీ అది రైల్వే జాగా. అక్కడ మనిషిని పూడ్చారని పైవాళ్లకు తెలిస్తే ఊరుకోరు. గుర్తు లేకుండా వదిలేస్తే రేపు ఏ గ్యాంగో వచ్చి కంకర కోసం తవ్వుతుంది. బాపూ కాకా కూర్చుని ఆలోచించి, వాళ్ల వృత్తిలో ఉన్నవాళ్లకు మాత్రమే తట్టే ఉపాయం పట్టారు. పాత పట్టా నుంచి కోసిన కమ్మీ ముక్క ఒకటి, మోకాలెత్తుది, తలవైపు పాతారు. లైను పక్కన రైల్వే గుర్తులన్నీ ఎలా ఉంటాయో అలాగే సున్నం పూసి, నడుమ నల్ల పట్టీ వేశారు. కాక చేతిరాత బాగుంటుంది కాబట్టి ఆయనే దాని మీద నల్ల రంగుతో తొమ్మిది అంకె రాశాడు. అది ఆమె బతికిన రోజుల లెక్కని మా నలుగురికే తెలుసు. మిగతా లోకానికి అదొక రైల్వే నంబరు. బాపు నన్ను ఎదురుగా నిలబెట్టి, భుజాలు పట్టుకుని చెప్పాడు. "ఎవ్వలడిగినా రైల్వేది అను బిడ్డా. మాది అనకు. మాది అంటే పీకేస్తరు. రైల్వేది అంటే ఎవ్వలు ముట్టరు."

నేను తు.చ. తప్పకుండా అన్నాను. గేదెలు మేపేవాళ్లడిగితే రైల్వేది అన్నాను, బడిపిల్లలు అడిగితే రైల్వేది అన్నాను. ఒకసారి ఇన్‌స్పెక్టరు ట్రాలీ మీద పోతూ ఆగి, ఈ నంబరు ఎందుకింత మాసిపోయింది, మేట్ నిద్రపోతున్నాడా అని కోప్పడ్డాడు. కాక తలవంచుకుని, అదే రోజు రెండు పూతలు వేశాడు. సర్కారు సున్నం, సర్కారు రంగు. ఆ రాత్రి బాపు అన్నం దగ్గర పొలమారేలా నవ్వాడు. చెల్లె పోయిన తర్వాత అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం అప్పుడే చూశాను. రాజుల సమాధులకైనా ఇంత భద్రం ఉండదని అనుకున్నాం. మా బుద్ధికి మేమే మురిసిపోయాం.

తర్వాత కొన్నేళ్లకు పట్టాల మధ్య ఎడం తక్కువున్న చిన్న లైను తీసి, వెడల్పాటి పెద్ద లైను వేస్తారన్నారు. మేడ్చల్ అంగళ్లవాళ్లు మిఠాయిలు పంచుకున్నారు, దేవరయాంజాల్ దొరల ఇండ్లలో భూముల మాటలు మొదలయ్యాయి. కొంపల్లి రోడ్డు మీద టీ తాగే ప్రతివాడూ ఇంజనీరే అయ్యాడు. మా వరుసకు మాత్రం వచ్చినవి మూడు మేకులు. ఎర్రరంగు పూసిన కొయ్య మేకులు. వాటిలో ఒకటి బావి గట్టు మీద కొట్టారు. పెద్ద పట్టాలకు వెడల్పు కట్ట కావాలి, ఆ కట్ట మేకుల దాకా వస్తుంది. బాపు అడుగులతో కొలిచి వచ్చి, అమ్మ ముఖం చూడకుండా, "బిడ్డ కట్ట కిందికి పోతది" అన్నాడు.

అమ్మ ఏడవలేదు. చర్చి వెనక్కి మార్పిద్దాం అంది. ఇప్పుడు ఒక్కతే పండగలదా అని ఎవరూ అడగలేదు. పాస్టరుగారు నాలుగు ఊళ్లు తిరిగే మనిషి, మాకు రెండు వారాలకొకసారి వచ్చేవారు. వచ్చే ఆదివారం తానే నిలబడి ప్రార్థన చేసి తీయిస్తానన్నారు. చిక్కేమిటంటే అప్పటికే రైళ్లు ఆపేశారు. పాత లైను పీకే పనికి బాపును రోజూ బొల్లారం వైపు తోలుతున్నారు. ఆదివారానికి ఇంకా ఐదు రోజులు. బాపుకు అన్నం దిగడం లేదు. కాక తన చొట్ట పళ్లెం పక్కకు పెట్టి, "నువ్వు పరేషాన్ గాకు దేవదానం. పాత గుర్తులు పీకే లారోళ్లకు జెప్పిన. బావి కాడ ఐతారం దాక ఒక్క రాయి గూడ ముట్టరు. నాది జిమ్మెదారి" అన్నాడు. ఆ మాట మీద మా ఇంట్లో దీపం ఆర్పి పడుకున్నారు.

గురువారం పొద్దున అమ్మ శామీర్‌పేట బస్సెక్కింది. అక్కడ అవ్వ ఉండేది, అమ్మకు తల్లి. బిడ్డను తీసినప్పుడు చుట్టడానికి మెత్తటి పాత చీర కావాలట, అది అవ్వదే కావాలట. ఎండాకాలం సెలవులు. వాకిట్లో మిరపకాయలు ఆరబోసి నన్ను కాపలా పెట్టి పోయింది. పొద్దు నడినెత్తికి రాకముందే లారీ వచ్చింది. అందులో అప్పటికే దూరం రాసిన రాళ్లు, సీటీ కొట్టమని చెప్పే బోర్డులు, వంకర కమ్మీలు కుప్పగా ఉన్నాయి. చిన్న లైనుకు సంబంధించిన గుర్తు ఒక్కటి కూడా మిగలకూడదని పని. నలుగురు దిగారు. ఖాకీ చొక్కా వేసుకున్నాయన చెల్లె కమ్మీ దగ్గర ఆగాడు.

"బావి కాడ ఏందో ఉన్నది, ఐతారం దాక ముట్టకు అన్నడు గద మేట్. గిదేనా?" అని తోటివాణ్ని అడిగాడు.

"బావి ఒర రాళ్లు గావచ్చు. దీని మీద నంబరున్నది జూడు."

ఆయన నా వైపు తిరిగాడు. "ఏ పిల్లా, గీ కమ్మీ మీదా, రైల్వేదా?"

"రైల్వేది" అన్నాను.

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. నా నోరు జారలేదు. అదే నా బాధ. ఐదేళ్లుగా నేర్చిన పాఠం, భుజాలు పట్టుకుని చెప్పిన పాఠం, తడుముకోకుండా అప్పజెప్పాను. పైగా, ఎండలో వచ్చారు పాపమని లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాను. నలుగురూ తాగారు. కమ్మీని రెండు వైపులా ఊపి, పైకి లాగి, లారీలోకి విసిరారు. అది మిగతా ఇనుము మీద పడ్డ చప్పుడుకు నాకు తెలివి వచ్చింది. అరవాలని నోరు తెరిచాను. లారీ పోయింది. కాసేపటికి రోలరూ, కట్టకు పోసే మొరం మట్టి టిప్పర్లూ వచ్చాయి, ఒకదాని వెనుక ఒకటి. పరుగెత్తి వాటికి అడ్డం పడవలసింది. నేను గదిలోకి పోయి, తలుపు గడియ పెట్టుకుని, రెండు చెవులూ మూసుకుని కూర్చున్నాను. సాయంత్రం దాకా నేల అదురుతూనే ఉంది. మిరపకాయలన్నిటి మీదా ఎర్రటి దుమ్ము పడింది.

అమ్మ చంకలో చీర మూటతో వచ్చింది. బావి గట్టు సగం మునిగేలా ఎర్ర మొరం గుట్ట. మూట కింద పెట్టలేదు. ఒక చేత్తో దాన్ని పట్టుకునే, రెండో చేత్తో మొరం గోకడం మొదలుపెట్టింది. గోళ్లు చీలి రక్తం వచ్చింది. "ఎవలు పీకిండ్రే? నువ్వు ఇంటికాడనే ఉంటివి గద, సూడలేదా?" అంది, నా వైపు చూడకుండానే.

"పండుకున్ననమ్మా" అన్నాను.

బాపు పొద్దుగూకే వేళకు వచ్చాడు. బావి నుంచి ఎన్ని అడుగులో ఆయనకు కంఠతా వచ్చు, కానీ బావి ఏ అంచు నుంచి లెక్కపెట్టాలో ఇప్పుడు తెలియడం లేదు. ఏటవాలు లేదు, గట్టు సగమే కనబడుతోంది, కొండగుర్తుగా ఉన్న పొద కూడా లేదు. తెల్లారినాక మూడు చోట్ల తవ్వాడు. నిలువెత్తు మొరం, దాని కింద రోలరు తొక్కిన నేల. నాలుగో చోట పార వేస్తుంటే గుత్తేదారు మనిషి వచ్చి ఆపాడు. కట్ట గుల్లయితే రైలు ఒరుగుతుంది, రైల్వే పనివాడివి, నీకు చెప్పాలా అన్నాడు. బాపు పార దించేశాడు. ఆయన జీవితమంతా ఆ కట్ట గుల్లకాకుండా కాచినవాడు. అమ్మ ఆ పార అందుకుని తాను తవ్వబోయింది. ఇద్దరు ఆడవాళ్లు పట్టుకుని గదిలోకి తెచ్చారు. ఆదివారం పాస్టరుగారు చెప్పిన మాట ప్రకారం వచ్చి, ఎటు తిరగాలో తెలియక, మొత్తం కట్టకే ప్రార్థన చేశారు. అందరూ ఆమెన్ అన్నారు. అమ్మ అనలేదు. చీరను మళ్లీ మడత పెట్టి పెట్టెలో అడుగున వేసింది.

ఆ సాయంత్రమే బాపు కాకను వాకిట్లో నిలబెట్టాడు. "ఐతారం దాక ముట్టరంటివి. నీ మాట నమ్మి నేను పనికి పోయిన మల్లయ్యా" అన్నాడు. గొంతు పెద్దది చేయలేదు, అందుకే భయమేసింది. కాక బాపును చూశాడు. తర్వాత గడపలో నిలబడ్డ నన్ను చూశాడు. పెద్దవాళ్లు తిట్లు తింటున్నప్పుడు పిల్లలు చూస్తే సిగ్గు కదా, అందుకే చూశాడనుకున్నాను. "తప్పయింది దేవదానం" అని మాత్రం అన్నాడు. మర్నాడు అమ్మ చొట్ట పళ్లెం కడిగి ఆయన గడప ముందు పెట్టి వచ్చింది.

ఆ తర్వాత వాళ్లు ఒకే గ్యాంగ్‌లో ఏళ్లపాటు పని చేశారు. ఒకే కమ్మీకి ఆ కొస ఒకరు, ఈ కొస ఒకరు పట్టుకుని ఎత్తారు. ఒక్క మాట లేదు. మొదటి పెద్ద రైలు వచ్చిన రోజున ఇంజనుకు బంతిపూల దండలు వేశారు, జనం చప్పట్లు కొట్టారు. అమ్మ తలుపు మూసుకుంది. ఆ రైలు చెల్లె మీదుగా పోతున్నదని ఆ జనంలో తలచుకున్నది ముగ్గురమే, ఆ ముగ్గురం విడివిడిగా నిలబడ్డాం. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ నేను పది పాసయ్యాను, టీచరునయ్యాను, పెళ్లి చేసుకున్నాను. రోజు గడిచిన కొద్దీ ఆ మాట బరువెక్కిందే గాని తగ్గలేదు. బాపు పోయినప్పుడు కాక వచ్చి గేటు బయటే నిలబడ్డాడు, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని. లోపలికి రమ్మని నేను అనలేదు. లారీవాళ్లకు నీళ్లిచ్చిన దాన్ని, ఆ మనిషికి గుక్కెడు నీళ్లు కూడా ఇవ్వలేదు.

అమ్మను తీసుకుని వెళ్లాను. క్వార్టర్లు ఎప్పుడో కూల్చేశారు, బావి పూడింది, ఆ జాగా పక్కన ఇప్పుడు అపార్ట్‌మెంట్లు. అప్పట్లో ఏ రైలు ఎప్పుడొస్తుందో సుత్తె చప్పుడును బట్టి, అమ్మ పొయ్యిని బట్టి చెప్పేవాళ్లం, ఇప్పుడు అంతా ఫోన్‌లో వస్తుంది. మంచిదే, నేను కాదనను. ఎక్కే జనానికి మెట్లు వచ్చాయి, నీడ వచ్చింది, ఆడవాళ్లకు మరుగుదొడ్డి వచ్చింది. ఆ రోజుల్లో మాకు ఏముందని? గది రైల్వేది, బావి రైల్వేది, పొయ్యిలో కట్టె రైల్వేది. చివరికి మా చెల్లె కూడా రైల్వేదే అయింది, అదీ నా నోటితోనే.

స్తంభాల కోసం వరుసగా గుంతలు తీశారు. మా కాలపు ఎర్ర మొరం మళ్లీ పైకి వచ్చి కుప్పలుగా పడి ఉంది. అమ్మ మోకాళ్లు పట్టుకుంటూ ఒక్కొక్క గుంత దగ్గరా వంగి లోపలికి చూసింది. ఏం చూస్తుంది? ఏం కనబడుతుంది? పసుపు టోపీ పెట్టుకున్న సూపర్‌వైజరు మర్యాదగానే దగ్గరికి వచ్చాడు. "ఏందమ్మా, ఈడ మీదేమన్న ఉన్నదా?"

"ఏం లేదు బిడ్డా. అంత రైల్వేదే" అంది అమ్మ.

నా వల్ల కాలేదు. "ఉన్నది" అన్నాను. "మా చెల్లె ఉన్నది."

ఆయన టోపీ తీసి పక్కకు జరిగాడు. నేను ఆ మొరం కుప్ప మీదే కూలబడి అమ్మకు అంతా చెప్పాను. లారీ, ఖాకీ చొక్కా, నీళ్ల చెంబు, నిద్రపోయానన్న అబద్ధం. అమ్మ వింటూ ఉంది. చెంపదెబ్బ కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. కొంగుకు అంటిన మొరం దులుపుకుంటూ, "మీ బాపు సచ్చేదాక మల్లయ్యతోని మాట్లాడలేదే" అంది. గుంత అంచు నుంచి వెనక్కి తిరిగి, "బండి తియ్యి. బహదూర్‌పల్లి పోదాం" అంది.

మల్లయ్య కాక అక్కడ కూతురి దగ్గర ఉంటున్నాడు. కాలనీలో ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలో ఎండకు కూర్చున్నాడు. మనిషి ఎండిపోయాడు గాని చూపు బాగానే ఉంది, దూరం నుంచే అమ్మను పట్టాడు, లేవబోయాడు. నేను కూర్చోకుండానే చెప్పేశాను. "కాకా, ఆ కమ్మీ రైల్వేది అని లారోళ్లకు జెప్పింది నేనే."

"తెల్సు బిడ్డా" అన్నాడు.

కుర్చీ చేతుల మీద బరువు మోపి మళ్లీ కూర్చున్నాడు.

"ఆ పొద్దే లారోని తాన ఉరికిన. గల్ల పట్టిన. నేనేం జేద్దు, పిల్ల రైల్వేదన్నది, నీళ్లు గూడ తాపిచ్చింది అన్నడు. లారీల దేవులాడిన, కమ్మీ అప్పటికే తుక్కుల పోయింది."

"మరి బాపుకు ఎందుకు జెప్పలేదు కాకా?"

"ఎట్ల జెప్త? రైల్వేది అను అని నేర్పింది మేము. పన్నెండేండ్ల పొల్లవు. మీ బాపు కోపం ఎవ్వలో ఒగ్గరి మీద వడాలె గద. నాతోని మాట్లాడకుంటే ఏమాయె, నేను పక్క గదిల పండేటోన్ని. నీతోని మాట్లాడకుంటే నువ్వు ఏడికి పోదువు?"

అమ్మ కుర్చీ పక్కన అరుగు మీద మెల్లగా కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. "మల్లయ్యా, బువ్వ తిన్నవా?" అని అడిగింది.

"లేదు వదినె" అన్నాడు కాక. ఇప్పుడే కదా నాయినా తిన్నావు అని లోపలి నుంచి కూతురు అంటున్నది.

అమ్మ లేచి, గోడ పట్టుకుంటూ, పళ్లెం కోసం ఆ ఇంట్లోకి పోయింది. నేను వాకిట్లోనే నిలబడ్డాను. చెప్పవలసిన ముగ్గురిలో ఇద్దరికి చెప్పాను. మూడో మనిషి, బాపు, మేడ్చల్ చర్చి వెనుక, ఆ రోజు చెల్లెను తీసుకుపోదామన్న చోటే, ఒక్కడే ఉన్నాడు.